ముగింపు ఎవరి చేతిలో ఉంది?
ఆగిపోయిన టెలివిజన్ నాటకాలూ, విమర్శకుడి బాధ్యతా

సాహిత్య విమర్శలో ముగింపును గురించి మనం చాలా చర్చించాం. కథ ఆశతో ముగిసిందా, నిరాశతో ముగిసిందా? ఆ ముగింపు కథావస్తువులోంచి వచ్చిందా, రచయిత పైనుంచి అతికించాడా? పాత్ర ఓడిపోతే రచయిత దృక్పథం కూడా ఓడిపోయినట్టేనా? ఈ ప్రశ్నల మీద అభ్యుదయ విమర్శకులు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఈ వాదాలన్నిటి వెనుకా ఒక నమ్మకం ఉంది. ముగింపు బాగున్నా బాగులేకపోయినా అది రచయితదేనన్న నమ్మకం.

టెలివిజన్ నాటకం విషయంలో ఈ నమ్మకం నిలవదు. అక్కడ కథ ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది చాలా సందర్భాల్లో ప్రసార సంస్థ యాజమాన్యం. రచయితలు, నటులు, సాంకేతికులు ఏళ్ళ తరబడి కలిసి చేసిన పని, ఒక సమావేశంలో జమాఖర్చుల పద్దు చూసి తీసుకున్న నిర్ణయంతో ఆగిపోతుంది. ప్రేక్షకుడికి సగం కథ మిగులుతుంది.

మన సాహిత్య విద్యార్థులూ యువ రచయితలూ ఇవాళ నవలలతో సమానంగా ఈ నాటకాలు చూస్తున్నారు. అమెరికావీ, జర్మనీవీ, కొరియావీ ఫోనులోనే దొరుకుతున్నాయి. ఒకరికొకరు సిఫార్సు చేసుకుంటున్నారు. సిఫార్సు చేసిన మరుక్షణం ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "అది పూర్తయిందా?" కాలేదంటే చాలామంది చూడరు. సగంలో ఆపేసినదాన్ని చూసి మనసు పాడుచేసుకోవడం దేనికంటారు. ఆ కోపం న్యాయమైనదే. కాని విమర్శకుడు కూడా ఆ ప్రశ్నకు లొంగిపోతే, యజమాని తీర్పే సాహిత్య తీర్పుగా చలామణి అవుతుంది. రచన గుణదోషాలు వేరు, అది ఆగిపోవడం వేరు. మొదటిది కళకు సంబంధించినది, రెండోది ఉత్పత్తి సంబంధాలకు సంబంధించినది. ఈ రెంటినీ విడదీసి చూపడం విమర్శకుడి పని అని ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

అమ్ముడుపోయే సరుకు ఏది?

కెనడాకు చెందిన మార్క్సిస్టు పండితుడు డాలస్ స్మైద్ 1977లో ఒక ప్రశ్న వేశాడు: వాణిజ్య ప్రసార సంస్థలు ఉత్పత్తి చేసే సరుకు ఏది? నాటకం అని మనం అనుకుంటాం. నిజానికి వాళ్ళు అమ్మేది ప్రేక్షకులను అని స్మైద్ వాదన. ఇంతమంది ఇంత సేపు తెర ముందు కూర్చుంటారని చెప్పి ఆ సమయాన్ని ప్రకటనకర్తకు అమ్ముతారు. నాటకం జనాన్ని తెర ముందుకు రప్పించే ఎర మాత్రమే. ఎర ఎంత రుచిగా ఉన్నదీ చేపకు ముఖ్యం కావచ్చు. గాలం వేసినవాడికి కావలసింది చేప.

దీనికి అమెరికా టెలివిజన్ చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. సి.బి.ఎస్. సంస్థ 1963 సెప్టెంబరులో 'ఈస్ట్ సైడ్ వెస్ట్ సైడ్' అనే నాటకం మొదలుపెట్టింది. న్యూయార్కు మురికివాడల్లో పనిచేసే ఒక సంక్షేమ కార్యకర్తగా జార్జ్ సి. స్కాట్ నటించాడు. ఆయన కార్యాలయంలో ఉద్యోగినిగా నల్లజాతి నటి సిసిలీ టైసన్ నటించింది. నల్లజాతి స్త్రీని పనిమనిషిగా తప్ప చూపడం అలవాటు లేని తెర మీద అది చిన్న విషయం కాదు. అదే ఏడు నవంబరులో వచ్చిన 'హూ డూ యూ కిల్?' అనే భాగాన్ని ఆర్నల్డ్ పెర్ల్ రాశాడు. హార్లెంలో ఒక పాడుబడిన అద్దె ఇల్లు. అందులో ఒక యువ దంపతులు. వాళ్ళ పసిబిడ్డను ఎలుక కరుస్తుంది. బిడ్డ చనిపోతుంది. జేమ్స్ ఎర్ల్ జోన్స్, డయానా శాండ్స్ ఆ తల్లిదండ్రులు.

ఈ భాగం గొప్పతనం విషాదాన్ని చూపడంలో లేదు. అమెరికా టెలివిజన్ నాటకానికి అప్పటికే ఒక మూస ఏర్పడింది. మంచి డాక్టరో మంచి లాయరో మంచి పోలీసో గంట సేపట్లో సమస్యను పరిష్కరించి వెళ్ళిపోతాడు. ఇక్కడ సంక్షేమ కార్యకర్త మంచివాడే, కాని అతడి మంచితనం ఆ ఇంటి గోడలోని ఎలుక కన్నాన్ని పూడ్చలేదు. వ్యవస్థ చేసిన గాయానికి వ్యక్తి జాలి మందు కాదన్న సత్యాన్ని ఆ గంట నాటకం దాచలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో కొన్ని స్టేషన్లు ఆ భాగాన్ని ప్రసారం చెయ్యలేదు. దాని దర్శకుడు టామ్ గ్రీస్‌కు ఎమ్మీ బహుమతి వచ్చింది. నాటకానికి మాత్రం రెండో ఏడు రాలేదు. ప్రకటనకర్తలు వెనకాడారు. 26 భాగాలతో 1964లో ఆగిపోయింది. సబ్బులు అమ్ముకునేవాడికి, బిడ్డను ఎలుక కరిచిన ఇల్లు చూసి ఉలిక్కిపడిన ప్రేక్షకుడు మంచి ఖాతాదారు కాడు.

రెండో ఉదాహరణ 'లూ గ్రాంట్'. అదే సి.బి.ఎస్.లో 1977 నుంచి 1982 దాకా 114 భాగాలు వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లోని ఒక కల్పిత దినపత్రిక కార్యాలయం కథాస్థలం. వియత్నాం యుద్ధంనుంచి తిరిగివచ్చిన సైనికుల దుస్థితి, అమెరికాలోని నాజీ ముఠాలు, హాలీవుడ్‌లో కమ్యూనిస్టులన్న ముద్రతో పని దొరకకుండా చేసిన నల్లజాబితాల కాలం – ఇలాంటి విషయాలను వారం వారం చర్చకు పెట్టింది. 1979లోనూ 1980లోనూ ఉత్తమ నాటకంగా ఎమ్మీ తీసుకుంది. ప్రధాన పాత్రధారి ఎడ్ ఆస్నర్ 1981లో సినిమా నటుల సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. 1982 ఫిబ్రవరిలో, ఎల్ సాల్వడోర్‌లో రీగన్ ప్రభుత్వ విధానాన్ని వ్యతిరేకిస్తూ, అక్కడి ప్రజలకు వైద్య సహాయం కోసం విరాళాలు సేకరించే కార్యక్రమానికి వాషింగ్టన్‌లో బహిరంగంగా నాయకత్వం వహించాడు. మితవాదులు బహిష్కరణకు పిలుపునిచ్చారు. కింబర్లీ క్లార్క్ కంపెనీ తన ప్రకటనలు ఉపసంహరించుకుంది. మే నెలలో నాటకం ఆపేస్తున్నట్టు ప్రకటన వచ్చింది.

ప్రేక్షకుల సంఖ్య తగ్గింది కనుకనే ఆపామని సంస్థ చెప్పింది. రాజకీయాలే కారణమని ఆస్నర్ 2021లో చనిపోయేదాకా చెబుతూ వచ్చాడు. ఐదో ఏడు ప్రేక్షకుల సంఖ్య తగ్గిన మాట నిజమే. అయితే ఈ రెండు కారణాలనూ ఎదురెదురుగా నిలబెట్టి ఏదో ఒకటి ఎంచుకోవాలనుకోవడంలోనే పొరపాటు ఉంది. ప్రేక్షకులను కొనేవాడు ప్రకటనకర్త అయినప్పుడు, కొనేవాడి భయం కూడా వ్యాపార కారణంగానే పద్దులోకి ఎక్కుతుంది. సెన్సారు అధికారి అవసరం లేకుండానే సెన్సారు పని జరిగిపోతుంది.

చందా ఇస్తే స్వేచ్ఛ వస్తుందా?

ప్రకటనలు లేకుండా, చూసేవాడే నెలకింత చందా కడితే ఈ బాధ పోతుందని చాలామంది ఆశించారు. ఆ ఆశలో కొంత నిజం ఉంది. హెచ్.బి.ఓ. అనే చందా సంస్థలో 2002 నుంచి 2008 దాకా డేవిడ్ సైమన్ సృష్టించిన 'ది వైర్' వచ్చింది. బాల్టిమోర్ నగరంలో మత్తుమందుల వ్యాపారం, రేవు కార్మికుల యూనియన్, నగర రాజకీయాలు, బడులు, పత్రిక – ఏడాదికొక సంస్థను తీసుకుని ఒక నగరం మొత్తాన్ని విప్పిచూపిన రచన అది. దాన్ని చూసినవాళ్ళు తక్కువ. ఎమ్మీ బహుమతులు ఇచ్చేవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. మూడో ఏడు తర్వాత దాదాపు ఆగిపోయింది. ఎలాగో బతికి, 2006లో బడి పిల్లల మీద నాలుగో ఏడు వచ్చింది. అప్పుడే ఆపేసి ఉంటే, పేద పిల్లవాణ్ణి వీధి ఎలా తయారుచేస్తుందో చూపిన ఆ భాగాలు ఎవరి ఊహలోనూ ఉండేవి కావు. పోయినదాన్ని గురించి విచారించడానికి కూడా మనకు అవకాశం ఉండేది కాదు.

అదే సంస్థలో డేవిడ్ మిల్చ్ రాసిన 'డెడ్‌వుడ్' అంత అదృష్టానికి నోచుకోలేదు. 2004లో మొదలై 36 భాగాల తర్వాత 2006లో ఆగిపోయింది. ఖర్చు ఎక్కువ. నాటకం మీద హక్కుల్లో పారమౌంట్ సంస్థకూ వాటా ఉంది. రెండు సినిమాలు తీసి కథ పూర్తిచేస్తామన్న మాట అప్పుడు నిలబడలేదు.

ఈ రచన మీద మనవాళ్ళ దృష్టి పడవలసిన అవసరం ఉంది. 1876 ప్రాంతంలో డకోటా కొండల్లో బంగారం కోసం చేరిన జనం వేసుకున్న గుడారాల ఊరు అది. చట్టం లేదు, ప్రభుత్వం లేదు. సారాకొట్టు యజమాని స్వెరంజెన్ లాంటి చిన్న దోపిడీదారులు ఊరిని నడుపుతుంటారు. మూడో ఏడు జార్జ్ హర్‌స్ట్ అనే గనుల కుబేరుడు వస్తాడు. ఇతడు చరిత్రలో ఉన్నవాడే. యూనియన్ పెట్టబోయిన కార్నిష్ గని కార్మికులను చంపిస్తాడు. ఒక స్త్రీ గనిని ఆమె చేత అమ్మించుకుంటాడు. తన మీద కాల్పులు జరిపిన వేశ్య శవం కావాలంటాడు. ఆమెను కాపాడటానికి స్వెరంజెన్ ఆమె పోలికలున్న మరో అమాయకురాలిని చంపి ఆ శవాన్ని చూపిస్తాడు. హర్‌స్ట్ తృప్తిపడి, తనకు కావలసిందంతా తీసుకుని ఊరు వదిలి వెళతాడు. చివరి దృశ్యంలో స్వెరంజెన్ మోకాళ్ళ మీద కూర్చుని చెక్కనేల మీది నెత్తురు కడుగుతుంటాడు. చనిపోయిన పిల్లను ఇష్టపడిన అనుచరుడు ఆమె బాధపడిందా అని అడిగితే, అతడికి ఓదార్పు మాట కూడా సరిగా చెప్పడు.

ఇది రచయిత ఉద్దేశించిన తుది ముగింపు కాదు. అయినా దోపిడీ చరిత్రకు ఇంత నిజమైన ముగింపు రాయడం కష్టం. పెద్ద పెట్టుబడి వచ్చి, చిన్న పెట్టుబడిని మింగి, శవాలను వదిలి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు నేల కడుక్కుంటున్నారు. పదమూడేళ్ళ తర్వాత 2019లో ఎట్టకేలకు సినిమా వచ్చింది. 1889లో డకోటాకు రాష్ట్ర హోదా వచ్చే వేళకు సెనేటరై తిరిగివచ్చిన హర్‌స్ట్‌ను ఊరివాళ్ళు పట్టుకుంటారు, ఖైదులో వేస్తారు. చూసేవాడి మనసుకు హాయిగా ఉంటుంది. కాని 2006 నాటి చేదు నిజం ముందు ఆ హాయి పలచగా కనిపిస్తుంది. అసంపూర్ణమైనదంతా లోపభూయిష్ఠం, పూర్తయినదంతా సమగ్రం అనే సూత్రం చెల్లదనడానికి ఈ ఒక్క రచన చాలు.

కనిపించని లెక్క

ఇప్పుడు అంతర్జాలం ద్వారా నడిచే చందా సంస్థల కాలం. ఇక్కడ ఆపే పద్ధతి మరింత వేగంగా, మరింత రహస్యంగా మారింది. జర్మనీకి చెందిన బారన్ బో ఓడార్, యాంత్యే ఫ్రీజ్ జంట తీసిన '1899' నెట్‌ఫ్లిక్స్‌లో 2022 నవంబరులో విడుదలైంది. బతుకుతెరువు కోసం అమెరికాకు ఓడలో వెళుతున్న యూరపు వలసజనం కథ. ఒక్కొక్కరూ తమ తమ భాషల్లో మాట్లాడతారు, పక్కవాడి మాట పక్కవాడికి అర్థం కాదు. మూడు సీజన్ల కథగా వాళ్ళు ఆలోచించుకున్నారు. ఎనిమిది భాగాలు వచ్చాయి. రెండు నెలలు తిరగకముందే, 2023 జనవరిలో, ఆపేసినట్టు తెలిసింది.

ఇక్కడ ప్రేక్షకుడు గమనించవలసిన విషవలయం ఒకటుంది. నాటకాలు సగంలో ఆగిపోతున్నాయి కనుక, పూర్తయ్యాకే చూద్దామని ప్రేక్షకుడు ఆగుతాడు. మొదటి వారాల్లో చూసినవాళ్ళు తక్కువ కనుక యాజమాన్యం నాటకాన్ని ఆపేస్తుంది. ఆగిపోయింది కనుక మరో ప్రేక్షకుడు మరో నాటకం విషయంలో మరింత జాగ్రత్త పడతాడు. ఒక్కొక్కరి జాగ్రత్త విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. అవన్నీ కలిసి రచయిత మెడకు ఉరి అవుతున్నాయి.

దీని ప్రభావం శిల్పం మీద కూడా ఉంది. 'ఈస్ట్ సైడ్ వెస్ట్ సైడ్'లోనూ 'లూ గ్రాంట్'లోనూ ప్రతి భాగం చాలావరకు దానికదే ఒక కథ. నాటకం ఆగినా, వచ్చిన భాగాలకు దెబ్బ తగలలేదు. ఇప్పటి నాటకం నవలలాగా ఒకే కథాసూత్రం మీద నడుస్తుంది. చివరి భాగంలో ఒక పెద్ద చిక్కుముడి వేసి ఆపుతుంది. ఆ ముడి ఒకప్పుడు పాఠకుణ్ణి వచ్చే వారం దాకా పట్టి ఉంచే ఉపాయం. ఇప్పుడు అది యాజమాన్యం చేత మరో ఏడు ఒప్పించుకోవడానికి రచయిత పెట్టే అర్జీ. అర్జీ తిరస్కరిస్తే, ముడి విప్పని కథ ప్రేక్షకుడి నెత్తిన పడుతుంది. నవల విస్తృతిని కోరుకునే రూపమూ, ఏడాదికోసారి కత్తి పడే యాజమాన్య పద్ధతీ ఒకదానికొకటి పొసగవు. ఈ వైరుధ్యం ఏ ఒక్క రచయిత నేర్పుతోనూ తీరేది కాదు.

ఆపడంతోనే అయిపోవడం లేదు. డిస్నీ సంస్థ 'విల్లో' అనే నాటకాన్ని ఒక సీజన్‌తో ఆపి, విడుదలైన ఆరు నెలలకే, 2023 మే నెలలో, తన చందాదారులకు కూడా దొరక్కుండా తీసేసింది. ఆ ఏడు అలా తొలగించిన వాటి విలువ కింద సుమారు 150 కోట్ల డాలర్లు పద్దుల్లో కొట్టివేసింది. పుస్తకం అచ్చు ఆగిపోతే పాత ప్రతి ఏదో గ్రంథాలయంలో దొరుకుతుంది. ఇక్కడ గ్రంథాలయమూ యజమానిదే. చూపడం మానేస్తే, రచయితలకూ నటులకూ ఆ ప్రదర్శన మీద రావలసిన డబ్బు కూడా ఆగుతుంది.

అందుకే 2023 మే 2న మొదలై 148 రోజులు సాగిన అమెరికా రచయితల సమ్మెను మనం కూలి పోరాటంగా మాత్రమే చూడకూడదు. ఎంతమంది ఎన్ని గంటలు చూశారో రచయితల సంఘానికి చెప్పాలన్నది వాళ్ళ డిమాండ్లలో ఒకటి. ఆ సమాచారాన్ని గోప్యత షరతు మీద సంఘానికి ఇవ్వడానికి కంపెనీలు ఒప్పుకోవలసి వచ్చింది. బాగా చూసిన నాటకాలకు అదనపు ప్రతిఫలం వచ్చింది. ఏ లెక్క చూసి తన కథను ఆపుతున్నారో తెలుసుకునే హక్కు కోసం రచయితలు వీధిలో నిలబడ్డారు.

ప్రభుత్వమో కోర్టో ఆపినప్పుడు కనీసం ఆపిన చెయ్యి కనిపిస్తుంది. మన దేశంలో 1988లో దూరదర్శన్ 'తమస్' ప్రసారం చేసింది. అభ్యుదయ రచయితల ఉద్యమ నాయకుల్లో ఒకరైన భీష్మ సాహ్నీ నవలను గోవింద్ నిహలానీ తెరకెక్కించాడు. సాహ్నీ స్వయంగా ఒక పాత్ర వేశాడు. దేశవిభజన నాటి మతకల్లోలాల వెనుక ఉన్న స్వార్థాలను బయటపెట్టిన ఆ నాటకాన్ని ఆపాలని బొంబాయి హైకోర్టుకు వెళితే స్టే వచ్చింది. న్యాయమూర్తులు లెంటిన్, సుజాతా మనోహర్ నాటకం మొత్తం చూసి స్టే ఎత్తేశారు. సుప్రీంకోర్టు కూడా ఫిబ్రవరిలో ప్రసారాన్ని సమర్థించింది. ఉత్తర్వు ఉంది కనుక దానికి కారణం అడగగలిగారు, అప్పీలు చెయ్యగలిగారు, ప్రజలు మాట్లాడగలిగారు. అన్నిటికంటే ముఖ్యం, తీర్పు చెప్పేవాళ్ళు రచనను పూర్తిగా చూశారు. పద్దు చూసి ఆపేవాడి దగ్గర ఇవేవీ లేవు.

తెలుగు టెలివిజన్‌లో జబ్బు తిరగబడి కనిపిస్తుంది. 2017 నుంచి 2023 దాకా సాగిన 'కార్తీకదీపం' పదిహేను వందల భాగాలు దాటింది. జనం చూస్తున్నంత కాలం కథ ముగియకూడదు. విడిపోయినవాళ్ళు కలవబోతే మళ్ళీ విడిపోవాలి. అక్కడ తెంచే చెయ్యీ ఇక్కడ సాగదీసే చెయ్యీ ఒకటే. రెండు చోట్లా కథకు తన కాలం తనకు లేదు.

ఎలా సిఫార్సు చెయ్యాలి?

అసంపూర్ణ రచనలు మనకు కొత్త కాదు. 1936లో గోర్కీ చనిపోయేనాటికి 'క్లిమ్ సామ్గిన్' పూర్తికాలేదు. 1961లో వట్టికోట ఆళ్వారుస్వామి మరణంతో 'గంగు' సగంలో ఆగింది. అయినా తెలంగాణ జీవితాన్ని అర్థం చేసుకోవాలనుకునేవారికి 'ప్రజల మనిషి'తో పాటు 'గంగు' కూడా చదవమనే చెబుతాం. ఎందుకు ఆగిందో చెబుతాం, ఎంతవరకు వచ్చిందో చెబుతాం, ఉన్నదాంట్లో ఉన్న విలువ చెబుతాం. మృత్యువు ఆపిన రచనకు ఇచ్చే గౌరవం పెట్టుబడి ఆపిన రచనకు ఎందుకు ఇవ్వకూడదు?

అలాగని ఆగిపోయిన ప్రతి నాటకాన్నీ అమరవీరుణ్ణి చెయ్యనక్కరలేదు. నాసిరకం రచనలూ ఆగుతాయి. ఆగిపోయింది కనుక గొప్పదనే అభిమానుల భావుకత, ఆగిపోయింది కనుక చూడక్కరలేదనే వ్యాపారబుద్ధికి తలకిందుల రూపం మాత్రమే. రెండూ రచనను చూడవు.

విమర్శకుడు చెయ్యవలసినవి కొన్ని ఉన్నాయి. భాగం భాగానికీ కథ పూర్తయ్యే నాటకమా, ఒకే కథగా నడిచేదా అన్నది ముందే చెప్పాలి. మొదటి రకాన్ని నిస్సంకోచంగా సిఫార్సు చెయ్యవచ్చు. రెండో రకమైతే ఎక్కడిదాకా చూస్తే ఒక మజిలీ వస్తుందో చెప్పాలి. ఆపినవాడెవడో, ఆపడానికి చెప్పిన కారణమేమిటో రాయాలి. ఆ వివరం రచన చరిత్రలో భాగం. ఇక కొత్తగా వస్తున్న మంచి నాటకాన్ని గురించి పూర్తయ్యాక రాద్దామని ఆగకూడదు. వారపత్రికలో సీరియల్ నడుస్తుండగానే ఉత్తరాలు రాసిన పాఠకులు మనకుండేవారు. ఆ అలవాటు ఇప్పుడు మరింత అవసరం. ఆపాలా వద్దా అన్న లెక్క వేస్తున్న వారాల్లోనే మన మాట వినపడాలి.

మాట వినపడినంత మాత్రాన యాజమాన్యాలు మారతాయన్న భ్రమ అక్కరలేదు. 'లూ గ్రాంట్' కోసం రాసినవాళ్ళు ఉన్నారు, నిరసన తెలిపినవాళ్ళు ఉన్నారు, అయినా అది ఆగింది. కాని 'ఈస్ట్ సైడ్ వెస్ట్ సైడ్' ఇరవై ఆరు భాగాలు ఆరు దశాబ్దాలు దాటినా చర్చలో ఉన్నాయంటే, దాన్ని ఆపినవాళ్ళ పద్దు పుస్తకాలు చెరపలేని చోట ఎవరో దాన్ని గురించి రాసిపెట్టారు కనుకనే. రచన ఎప్పుడు ఆగాలో యజమాని నిర్ణయిస్తున్నంత కాలం, అది ఎంతకాలం బతకాలన్న నిర్ణయమైనా విమర్శ తన చేతిలో ఉంచుకోవాలి.